రహమాన్ వంతు

సుభానీ ఇంట్లో ఒక పరుపు ఉంది. దాని మీద సుభానీ తప్ప ఇంకెవరూ పడుకోకూడదు. అతనైనా తెల్లవార్లూ పడుకోడు. పడుకున్న నాలుగు గంటలకి ఎవరో భుజం తట్టినట్టు లేస్తాడు. లేచాక పరుపు చుట్టడు, దులపడు, పరిచింది పరిచినట్టే వదిలేసి వాకిట్లో స్టూలు మీద కూర్చుంటాడు. ఆ పరుపు ఎవరి కోసం అలా పరిచి ఉందో ఊరందరికీ తెలుసు. ఆ మనిషి ఇక రాడని కూడా ఊరందరికీ తెలుసు. సుభానీ ముఖాన ఆ రెండో ముక్క అనగలిగిన మనిషి ఒక్కతే, అతని భార్య నసీమున్నీసా. ఆమె మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు.

అనలేదంటే నోరు లేక కాదు. సత్తెనపల్లి సంతలో గిత్తల బేరగాళ్లే ఆమె నోటికి జడిసి పక్కకి తప్పుకుంటారు. పరుపుని ఆమె "నా సవతి" అని పిలుస్తుంది. "ఏమయ్యా, నా సవతిని ఎండలో వేశావా" అంటుంది. "నాకు తలకిందికి దిండు లేకపోయినా పర్లేదు, నా సవతికి మాత్రం ఏడాదికోసారి కొత్త సోకు" అంటుంది. సుభానీ నవ్వడు, కోప్పడడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, చెవులు కాస్త మందం. వినపడనట్టు ఉండటానికి ఆ మందం అతనికి బాగా ఉపయోగపడుతుంది.

ఈ చుట్టుపక్కల పుట్టినవాడు పత్తి చేలో దిగుతాడు, మిరప చేలో దిగుతాడు, మహా అయితే గుంటూరు వెళ్లి మిల్లులో చేరతాడు. నిండా నీళ్లు చూడాలంటే అమరావతి దాకా పోయి కృష్ణలో మునగాల్సిన ఊళ్లు ఇవి. అలాంటి చోట పుట్టి ఓడ ఎలా ఎక్కావయ్యా అని అడిగితే, అంతా నిద్ర చేసిన పని అని సుభానీ చెబుతాడు.

వాళ్లది దూదేకుల కుటుంబం. తాతల నాటి నుంచి విల్లు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, దూది ఏకి, పరుపులు కుట్టి బతికినవాళ్లు. యాభైల్లో, ఇంకా మీసం సరిగా రాని వయసులో, సుభానీ గుంటూరు నుంచి పత్తి బేళ్లతో పాటు మద్రాసు హార్బరుకి వెళ్లాడు. ఎత్తి దించేటప్పుడు బేళ్లు చిరుగుతాయి, అక్కడికక్కడే కుట్టడానికి సూదీ దారం పట్టుకుని ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి అతను. చివరి బేలొకటి ఓడ అడుగున, సరుకు పేర్చే గదిలో నోరు తెరిచింది. దిగి కుట్టాడు. అంతకు ముందు రెండు రాత్రులు లారీ మీద కునుకు లేదు. పత్తి మీద పుట్టి పత్తి మీద పెరిగిన ప్రాణం, ఎదురుగా గది నిండా పత్తి. ఇంకొకడైతే నిచ్చెనెక్కి పైకి వచ్చేసేవాడు. సుభానీ ఒక్క నిమిషం నడుం వాల్చాడు.

మెలకువ వచ్చేసరికి పైన మూత పడింది, మద్రాసు వెనకబడింది. చేతులు వాచేలా ఇనప గోడ బాదితే ఎవరో మూత తీశారు. కలాసీల మీద పెద్ద అయిన ముసలి సరంగు దీపం దించి చూశాడు. దొంగతనంగా ఎక్కావా అన్నాడు. లేదు, నిద్రపోయాను అన్నాడు సుభానీ. జుట్టు నిండా, కనురెప్పల నిండా పత్తి అంటుకుని ఉన్న ఆ ముఖం చూసి సరంగు నమ్మాడు, నమ్మి చాలాసేపు నవ్వాడు. నవ్వడం అయ్యాక చేతికి పార ఇచ్చాడు. కలకత్తా చేరేదాకా తినే తిండికి బొగ్గు ఎత్తమన్నాడు. అలా తెల్లదుమ్ములోంచి నల్లదుమ్ములో పడ్డాడు. కలకత్తాలో దిగి ఇంటికి పోవచ్చు, పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే దానికి మాత్రం అతని దగ్గర హాస్యం లేదు. "కాళ్ల కింద ఆ ఇంజను కొట్టుకుంటుంటే బాగుండేది" అంటాడు, అంతే.

ఆ ఓడ పేరు అతని నోట సరిగా పలకదు. "మా ఓడ" అంటాడు. కలకత్తా, రంగూన్, కొలంబో, ఏడెన్, ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి తిరిగే ముసలి ఆవిరి ఓడ. యజమాని పిసినారి. మూడు జట్లు చేయాల్సిన కొలిమి పని రెండు జట్లతో లాగించేవాడు. నాలుగు గంటలు కొలిమి ముందు, నాలుగు గంటలు మంచం మీద. మళ్లీ కొలిమి, మళ్లీ మంచం. ఓడ ఇటు ఒరిగినప్పుడు పార నింపాలి, అటు ఒరిగినప్పుడు మంటలోకి విసరాలి. తాళం తప్పితే బొగ్గు కాళ్ల మీదే పడుతుంది. విల్లు కొట్టిన చేతులకి ఆ తాళం తొందరగానే పట్టుబడింది.

రెండో జట్టులో ఉండేవాడు రహమాన్. మేఘనా నది సముద్రంలో కలిసే చోట, రోజుకో గజం నేల కోసుకుపోయే లంక అతనిది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడట. అతని మంచం మీద పైకప్పు రేకు కారేది, ఎన్నిసార్లు అతుకు వేసినా కారేది. అందుకని సుభానీ మంచమే ఇద్దరూ వాడుకున్నారు. ఇద్దరూ ఒకేసారి పడుకునే అవసరం ఎలాగూ రాదు. ఒకడు లేస్తే ఇంకొకడు వాలతాడు. మొదటిసారి సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు సుభానీ మన చేలో పత్తి తెచ్చి, స్వయంగా ఏకి, మూట కట్టి పట్టుకుపోయాడు. రహమాన్ తన కొత్త గళ్ల లుంగీలు రెండు చింపి పై గుడ్డ చేశాడు. దూది ఇతనిది, గుడ్డ అతనిది. ఇద్దరూ కలిసి కుట్టిన పరుపది.

చిత్రమేమిటంటే, ఆరేళ్లు ఒకే పరుపు మీద బతికిన ఆ ఇద్దరూ, ఓడ నడుస్తున్నన్నాళ్లూ, ఒకరినొకరు చూసుకున్నది వంతు మారే కాసేపే. రేవులో ఆగినప్పుడు మాత్రం కూర్చుని అన్నం తినేవాళ్లు. సుభానీ డబ్బాలో గుంటూరు కారం ఉండేది, రహమాన్ అది కలుపుకుని, ముక్కూ కళ్లూ తుడుచుకుంటూ ఇంకా వేయమనేవాడు. మిగతా రోజుల్లో అతను కొలిమిలోకి దిగి వచ్చి, సుభానీ చేతిలో పార తీసుకుని, రోజూ ఒకే మాట చెప్పేవాడు. హార్బరు హిందుస్తానీలో చెప్పేవాడు, మన మాటల్లో చెప్పాలంటే, "పో, వెచ్చగా ఉంది."

నిజంగానే వెచ్చగా ఉండేది. కొలిమి ముందు కాలి, చెమట కారి, తడిసిన ఒంటితో పైకి వస్తే డెక్కు మీద గాలి ఎముకలు కొరికేది. వణుకుతూ వచ్చి పరుపు మీద వాలితే అప్పుడే ఒక మనిషి లేచి వెళ్లిన వేడి వీపుకి తగిలేది. "అమ్మ పక్కలో పడుకున్నట్టుండేది" అంటాడు సుభానీ. అలాంటి నిద్ర అతను ఆ తరవాత ఏ నేల మీదా పోలేదు.

అరవై అయిదులో మన దేశానికీ రహమాన్ దేశానికీ యుద్ధం వచ్చింది. ఓడ కలకత్తా దగ్గర నది ముఖాన లంగరు వేసి ఆగి ఉంది. ఆగినా కొలిమి ఆరనివ్వరు. సుభానీ కింద ఉన్నాడు. వంతు అయిపోయింది, రహమాన్ రాలేదు. నిద్రపోయుంటాడులే అనుకుని ఇంకాసేపు బొగ్గు వేశాడు. మార్చే మనిషి రాకుండా కొలిమి వదిలి పైకి రాకూడదు, అది ఓడ మీద మొదటి పాఠం. ఇంకాసేపు వేశాడు. చేతులు పడిపోతున్నాయి. చివరికి నిచ్చెన మీద కాళ్లు కనిపించాయి, అవి రహమాన్ కాళ్లు కావు. ముసలి సరంగే దిగి వచ్చాడు. సుభానీ చేతిలో పార తీసుకున్నాడు. సరంగు పార పట్టుకోవడం సుభానీ అంతవరకు చూడలేదు.

పైన లాంచీ వచ్చి అవతలి దేశం కాగితాలున్న వాళ్లనందరినీ దించుకుని పోయింది. వెళ్లే ముందు కిందికి పోయి ఒక్క మాట చెప్పి వస్తానన్నాడట రహమాన్, టైము లేదన్నారట. సుభానీ మంచం దగ్గరికి వచ్చి పరుపు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

ఆ చల్లదనం అతని అరచేతిలోంచి ఇప్పటికీ పోలేదు. ఇంకో రెండు ప్రయాణాలు చేశాడు, కలకత్తాలో కలాసీలు దిగే ప్రతి గదిలోనూ అడిగాడు. తరవాత సముద్రం మీద మనసు విరిగిపోయింది. పరుపు చుట్టుకుని రైలెక్కాడు. డెబ్బై ఒకటిలో అవతల కొత్త దేశం పుట్టిందని రేడియోలో విని మళ్లీ కలకత్తా వెళ్లాడు. రహమాన్లు చాలామంది దొరికారు. తన పరుపు మీద పడుకున్నవాడు దొరకలేదు. ఆ లంకలో ఆ పల్లె నదిలో కలిసిపోయి చాలాకాలమైందని ఒక ముసలాయన చెప్పాడు. మనుషులు ఎటు పోయారో ఆయనకీ తెలియదు.

ఊళ్లో మళ్లీ విల్లు పట్టాడు, పెళ్లి చేసుకున్నాడు. మొదటి ఏడాది ఒక ఘనకార్యం కూడా చేశాడు. మామగారు కళ్లంలో మిరపకాయలు ఆరబోసి, అకాల వాన ముంచుకొస్తుంటే అల్లుణ్ణి కాపలా పెట్టారు. ఓడ మీద సరుకు గది ఎలా మూస్తారో సుభానీకి తెలుసు కదా, కాయంతా కుప్ప చేసి, పట్టా మీద పట్టా కప్పి, అంచులు బిగించి, మేకులు దిగ్గొట్టి, గాలి చొరబడకుండా కట్టిపెట్టాడు. తుపాను వచ్చి పోయినా చుక్క నీరు లోపలికి పోలేదు. విప్పి చూస్తే సగం పచ్చి కాయ ఉడికిపోయి బూజు పట్టి, మొత్తం రంగు పోయి తాలు. "మా అల్లుడు మిరపకాయల్ని రంగూన్ పంపిద్దామనుకున్నాడు" అని మామగారు పోయేదాకా చెప్పుకుని నవ్వారు.

నసీమున్నీసాకి మాత్రం మొదట్లో నవ్వు రాలేదు. కొత్త కాపురం. మొగుడు తనదైన పరుపు ఒకటి వేరే వేసుకుంటాడు, అర్ధరాత్రి లేచి దాన్ని ఎవరికో ఖాళీ చేసి పెడతాడు. రంగూన్‌లో ఎవత్తో ఉందని ఆమెకి గట్టి నమ్మకం. నాలుగు నెలలు మాట్లాడలేదు. ఒకనాడు పై గుడ్డ చిరిగితే కుట్టడానికి కూర్చుని, "ఇవి లుంగీ గళ్లు గదా, ఆడదాని చీర కాదే" అంది. అప్పుడు చెప్పాడు. పెళ్లయ్యాక అతను అంతసేపు మాట్లాడింది ఆ రోజే. ఆమె దారం కొరికి, చిరుగు కుట్టేసి, మళ్లీ యథాస్థానంలో పరిచి పెట్టింది. అప్పటి నుంచే అది సవతి. కూతురు పుడితే సుభానీ రహమతున్నీసా అని పేరు పెడతానంటే, ఎందుకని అడగలేదు.

ఏటా మిరప కోతలయ్యాక ఆ పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ నింపడం, విల్లు ఎత్తగలిగినన్నాళ్లూ, సుభానీ వ్రతం. కొత్త దూది చిటికెడు కూడా కలపడు. ఎంత మంది పరుపులు కుట్టినా, ఈ ఒక్కదాని దూదికి ఇంకొకరి చెయ్యి తగలనివ్వడు. ఏకినప్పుడల్లా కాస్త ధూళిగా పోతుంది గనక పరుపు ఏడాదికేడాది పలచబడుతూ వచ్చింది. అతనూ పలచబడ్డాడు. కొన్నేళ్ల కిందట విల్లు నారి తెగింది, కొత్తది వేసేవాడు దొరకలేదు, వేసినా ఎత్తే భుజం లేదు. పరుపు ఉండలు కట్టింది. ఆ ఉండల మీదే నాలుగు గంటలు పడుకుని లేస్తున్నాడు.

ఈ వేసవి మొదట్లో నసీమున్నీసా దొడ్లో జారి పడింది. తుంటి ఎముకకి గుంటూరులో ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతోంది గానీ, పడుకోలేకపోతోంది. రహమతున్నీసా కోల్డ్ స్టోరేజీలో మిరప తొడిమలు తీసే పని చేస్తుంది. ఆమె ఫోన్లో చూసి మంచి ఫోమ్ పరుపు తెప్పించింది. నసీమున్నీసా దాని మీద పడుకుంటే నడుం గుంటలోకి దిగిపోతుంది. డాక్టరు అడిగితే, పాతకాలపు దూది పరుపు గట్టిగా ఉంటుంది, అది వేయండి అన్నాడు. రహమతున్నీసా తండ్రి వంక చూసింది. నసీమున్నీసా గోడ వైపు తిరిగింది.

"కొత్త దూదితో ఒకటి కుట్టిద్దాంలే" అంది కూతురు.

"కొత్తది అణగడానికి ఏడాది పడుతుందే. నాకేం పర్లేదు, ఇదే అలవాటవుద్ది" అంది తల్లి.

అలవాటు కాలేదు. పగలూ రేత్రీ మూలుగు. కావాలని మూలిగే మనిషి కాదు, పళ్లు బిగబట్టి మరీ మూలిగేది. సుభానీ చెవుల మందం ఈసారి అతనికి సాయం రాలేదు. అవతల ఆ పరుపు పరిచి ఉంది, ఎవరూ లేకుండా. ఒక్కసారి, ఒక్క మాట, ఇవ్వు అని ఆమె అడిగి ఉంటే అతనికి సులువుగా ఉండేది. ఆమె అడగదు. ఇస్తే దాని అర్థం ఏమిటో ఇద్దరికీ తెలుసు. రహమాన్ వంతు తీసేసినట్టు.

వారం రోజులు స్టూలు మీద కూర్చుని ఆలోచించాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి పరుపు చుట్టాడు. అలా చుట్టగా రహమతున్నీసా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆటో పిలిచి తండ్రీ కూతుళ్లు సత్తెనపల్లి వెళ్లారు. అక్కడ దూది ఏకే మిషన్ ఉంది. మిషన్ కుర్రాడు ఉదయ్ కుమార్ దూది పిడికిట్లో నలిపి చూసి, "తాతా, ఇది పిండి పిండి అయిపోయింది. ఇది వదిలేయ్, కొత్తది వేసిస్తా, రెండు రోజుల్లో తీసుకుపో" అన్నాడు.

"వద్దు. ఇదే కావాల. నేనిక్కడే ఉంటా."

"ఇదొక్కటే వేయాలంటే మిషన్ మొత్తం దులపాల తాతా."

"దులుపు" అన్నాడు సుభానీ.

దులిపాడు. అరవై ఏళ్ల నాటి దూది మిషన్‌లోంచి తెల్లగా రాలేదు, పొగ రంగులో వచ్చింది. ఎన్నిసార్లు ఏకినా ఆ బొగ్గు పోలేదు. సుభానీ దోసిలి పట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడిందన్నాడు, మిషన్ దగ్గర అందరికీ దుమ్మే పడుతుంది గనక ఎవరూ పట్టించుకోలేదు. పాత లుంగీ గుడ్డ లోపల పెట్టి, పైన కొత్త గుడ్డ వేయించి, కుట్లు మాత్రం తనే వేశాడు. సూదిలో దారం రహమతున్నీసా ఎక్కించి ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోమ్ పరుపు తీసి గోడకి నిలబెట్టి, చెక్క మంచం మీద దీన్ని పరిచాడు. వాకర్ పట్టుకుని వచ్చిన నసీమున్నీసా మంచం చూసి ఆగిపోయింది.

"ఇదెందుకు తెచ్చావు ఇక్కడికి?"

"పడుకో."

"నాకొద్దు. నా ఒంటికి ఏదో ఒకటి సరిపోద్ది. తీసెయ్యి." ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. "రేపు ఆ మనిషి వస్తే ఏం చెబుతావయ్యా?"

ఊళ్లో ఇంకెవరు అడిగినా అది వెటకారమే. ఆమె వెటకారానికి అడగలేదు. ఆమె కూడా ఇన్నేళ్లూ అతనితో పాటు ఎదురుచూసింది, ఆ సంగతి సుభానీకి అప్పుడే తెలిసింది. అతను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. 

"రాడులే నసీమా" అన్నాడు. "వాడు రాడు."

నసీమున్నీసా అతని భుజం ఆసరా చేసుకుని మెల్లగా కూర్చుంది, నడుం వాల్చింది. పరుపు ఆమెని కిందికి దిగనివ్వలేదు. కాసేపు పైకప్పు చూసింది. "నీ సరంగు కొలిమి వాసన వస్తోందయ్యా దీంట్లో" అంది, అంటూనే నిద్రపోయింది. ఆపరేషన్ అయ్యాక మూలుగు లేకుండా పోయిన మొదటి నిద్ర. సుభానీ స్టూలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఈగ వాలితే తువ్వాలుతో తోలాడు. ఆకలి వేసినా లేవలేదు, మార్చే మనిషి రాకుండా లేవకూడదు.

ఎండ వాకిలి దాటి ప్రహరీ ఎక్కే వేళకి ఆమె కళ్లు తెరిచింది. మొగుణ్ణి చూసింది. స్టూలు మీదే తల ముందుకి వాలిపోతే ఉలిక్కిపడి ఎత్తుతున్నాడు, మళ్లీ వాలిపోతోంది. వాకర్ దగ్గరికి లాక్కుని, మంచం అంచు పట్టుకుని, తనంత తనే లేచి నిలబడింది. అతని భుజం తట్టింది.

"లే. నేను లేచాగా. పోయి పడుకో, వెచ్చగా ఉంది."

సుభానీ తలెత్తి ఆమె ముఖం చూశాడు. చెవుల మందం కొద్దీ తప్పు విన్నానేమో అనుకున్నాడు. అతను లేవగానే ఆమె స్టూలు తన వైపు లాక్కుంది. అతను మంచం దగ్గరికి వచ్చి ముందు అరచెయ్యి వేసి చూశాడు. తరవాత వీపు ఆనించాడు. ముసలి మనిషి, ఏడ్చాడు. దుమ్మని చెప్పలేదు. ఏడుస్తూనే కళ్లు మూశాడు.

రహమతున్నీసా పని నుంచి ఆలస్యంగా వచ్చి, టీ కాచి గ్లాసు పట్టుకొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. తండ్రి గోడ వైపు తిరిగి, కాళ్లు ముడుచుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోతున్నాడు. తల్లి స్టూలు మీద వాకర్ పట్టుకుని కూర్చుంది. అతను పడుకుని నాలుగు గంటలు దాటిపోయాయి.

"నాన్నా, టీ" అంటూ ముందుకి వంగింది రహమతున్నీసా.

నసీమున్నీసా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "లేపకే. నా వంతు ఇంకా అవలేదు."